కారు లేకుండా చెరువు కట్టలు, అడవి దారులు: హైదరాబాద్ నుంచి ఆర్టీసీ బస్సులో వెళ్ళి నడిచి రాదగిన చోట్లు

మీరు అడిగింది ఇది: ఇంట్లో కారు లేదు, నాన్నగారికి 64 ఏళ్ళు, పాపకు 9 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఆర్టీసీ బస్సెక్కి, చెరువు పక్కనో అడవిలోనో రెండు మూడు గంటలు నింపాదిగా నడిచి, చీకటి పడేలోపు ఇల్లు చేరాలి. నిట్టనిలువు గుట్టలు ఎక్కే పని ఉండకూడదు. నేను 20 ఏళ్ళకు పైగా ఇలాంటి నడకలకు బస్సులోనే వెళ్తున్నాను. మొదట ఒంటరిగా, తర్వాత పిల్లలతో, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులున్న అన్నయ్యతో. ఆ అనుభవం మీద కొంచెం వివరంగానే రాస్తాను.

చోట్ల పేర్లకు ముందు ఒక మాట చెప్పాలి, ఎందుకంటే బస్సులో వెళ్ళేవాళ్ళ రోజు బాగుండడం, పాడవడం దాని మీదే ఆధారపడి ఉంటుంది. చాలామంది ముందు చోటు ఎంచుకుని, అక్కడికి బస్సు ఉందా అని అడుగుతారు. అడగవలసింది అక్కడి నుంచి తిరిగి రావడానికి సాయంత్రం బస్సు ఉందా అని. పల్లె వెలుగు బస్సుల నడక తీరు తెలిస్తే ఇది అర్థమవుతుంది. లోపలి ఊళ్ళకు వెళ్ళే బస్సుల్లో చాలావాటికి సాయంత్రం చివరి ట్రిప్పు పట్నం నుంచి ఊరికే ఉంటుంది. బస్సు ఆ రాత్రి ఊళ్ళోనే ఆగి, తెల్లవారాక జనాన్ని ఎక్కించుకుని పట్నానికి తిరిగి వస్తుంది. దాన్నే నైట్ హాల్ట్ బస్సు అంటారు. ఊరివాళ్ళకు అదే సౌకర్యం, ఎందుకంటే పొద్దున్నే పట్నం వెళ్ళి సాయంత్రం ఇల్లు చేరవచ్చు. మన ప్రయాణం సరిగ్గా దానికి ఎదురు దిక్కులో ఉంటుంది కాబట్టి, మనకు బస్సు అవసరమైన వేళకు బస్సులన్నీ మనకు ఎదురుగా వస్తుంటాయి.

ఇది నేను ఒక చెరువు దగ్గర, పెద్ద రోడ్డుకు 12 కిలోమీటర్ల లోపల, మా అమ్మాయిని వెంటబెట్టుకుని నేర్చుకున్నాను. ఐదున్నరకు రావలసిన బస్సు ఆ రోజు ఆదివారం కాబట్టి రాదని అక్కడి కిరాణా కొట్టు ఆయన ఆరు గంటలకు చెప్పాడు. ఆ ట్రిప్పు బడిపిల్లల కోసం వేసినదట, సెలవు రోజుల్లో తిరగదట. వరిగడ్డి వేసుకుని పోతున్న ఒక ట్రాక్టరు మమ్మల్ని రోడ్డు దాకా తీసుకువెళ్ళింది. ఆనాటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఒకటే: చివరి బస్సుకు ముందు బస్సే నా చివరి బస్సు. వెళ్ళేటప్పుడు దిగబోయే ముందు కండక్టరును "ఈ బస్సు తిరిగి ఇటు ఎప్పుడు వస్తుంది?" అని అడుగుతాను, దిగాక టీ కొట్టులో అదే ప్రశ్న మళ్ళీ అడుగుతాను. రెండు జవాబులు కలిస్తేనే నడక మొదలుపెడతాను.

అందుకే మీవంటి కుటుంబానికి, రెండు పట్నాల మధ్య బస్సులు ఎడతెగక తిరిగే పెద్ద రోడ్డు మీదనో, దానికి దగ్గరగానో ఉన్న చోట్లే మంచివి. రోడ్డు చివరన ఉన్న ఊరు ఎంత అందమైనదైనా దాన్ని రెండో ఏడాదికి వదిలేయండి.

ఈ లెక్కన మొదటి చోటు అనంతగిరి. హైదరాబాద్‌కు సుమారు 75 కిలోమీటర్ల దూరంలో వికారాబాద్, అక్కడి నుంచి మరో 5, 6 కిలోమీటర్లలో అనంతగిరి గుట్టలు. మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో గానీ మెహిదీపట్నంలో గానీ బస్సెక్కితే చేవెళ్ళ, మన్నెగూడ మీదుగా వెళ్తుంది. ఆ దారిలో కిటికీ పక్కన కూర్చోండి, ఎందుకంటే చేవెళ్ళకు అటూ ఇటూ రోడ్డు పొడవునా వందల మర్రిచెట్లు వరుసగా నిలిచి ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేసే పని వచ్చినప్పుడు వాటిని కాపాడాలని జనం ఏళ్ళ తరబడి పోరాడారు. ఆ చెట్ల నీడలో సాగే బస్సు ప్రయాణాన్ని నేను నడకలో భాగంగానే లెక్కపెట్టుకుంటాను.

వికారాబాద్ బస్టాండులో దిగి తాండూరు వైపు వెళ్ళే బస్సు ఎక్కి, అనంతగిరి గుట్ట దగ్గర దింపమని చెప్పండి. ఆ రోడ్డు మీద తాండూరు బస్సులు రోజంతా తిరుగుతాయి కాబట్టి తిరుగు ప్రయాణానికి బెంగ లేదు. ఒకవేళ దొరకకపోయినా వికారాబాద్ దాకా ఆటోలో రావచ్చు. వికారాబాద్ రైల్వే జంక్షన్ కూడా కావడం వల్ల సికింద్రాబాద్ వైపు రైలు మరో ఆధారంగా ఉంటుంది. ఇన్ని తిరుగు దారులున్న అడవి హైదరాబాద్‌కు ఇంత దగ్గరలో నాకు తెలిసి మరొకటి లేదు.

అనంత పద్మనాభస్వామి గుడి దర్శనం చేసుకుని, దిగువన ఉన్న భవనాశి కోనేటి వైపు వెళ్ళండి. అక్కడ మెట్లు దిగాలి. మీ నాన్నగారికి మోకాళ్ళ ఇబ్బంది ఉంటే ఆయన గుడి దగ్గర చెట్ల నీడన కూర్చోవచ్చు, కోతుల బెడద ఉంటుంది కాబట్టి తినే పొట్లాలు మాత్రం చేతిలో పట్టుకోకూడదు. మన హైదరాబాద్ నడిబొడ్డున మురికిగా పారే మూసీ ఈ గుట్టల్లోనే పుట్టింది. ఇక్కడి నుంచి బయలుదేరి సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు వానలు వెనుకపట్టిన రోజుల్లో ఇక్కడ రాళ్ళ మధ్య జారుతున్న సన్నటి నీటిపాయను చూపించి ఇదే మూసీ అని చెబితే నమ్మలేదు. పాపను తీసుకువెళ్ళినప్పుడు ఆ నీళ్ళు తప్పక చూపించండి. చాదర్‌ఘాట్ వంతెన దాటుతున్నప్పుడు ఆ జ్ఞాపకం పిల్లల మనసులో చాలాకాలం నిలుస్తుంది.

గుడి నుంచి అడవిలోకి సాగే కాలిబాటలు ఎర్రమట్టి బాటలు, పెద్దగా ఎత్తుపల్లాలు లేనివి. వాన వెలిసిన వెంటనే ఆ మట్టి జారుతుంది కాబట్టి చెప్పులు కాకుండా అరిగిపోని అడుగున్న బూట్లు వేసుకోవాలి. ఇక్కడిది ఆకురాల్చే అడవి. జులై నుంచి నవంబరు దాకా పచ్చగా, చిక్కగా ఉంటుంది. ఫిబ్రవరి వచ్చేసరికి ఆకులు రాలి, దారి పొడవునా ఎండుటాకులు గలగలమంటాయి. పచ్చదనం కావాలనుకునేవారు వానాకాలం చివరను ఎంచుకుంటారు. నాకు మాత్రం ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక్క ఆకైనా లేని మోదుగ చెట్టు నిలువెల్లా పూసి ఉండే రోజులంటేనే ఎక్కువ ఇష్టం. ఆ కాలంలో పొద్దున పది గంటలలోపే నడక ముగించాలి, నిప్పు విషయంలో కఠినంగా ఉండాలి. ఎండుటాకుల మీద పడిన ఒక్క బీడీ ముక్క గుట్టనంతా కాలుస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పాత ప్రయాణ వ్యాసాలు చదివి కొందరు పూడూరు దగ్గరి దామగుండం అడవికి వెళ్దామనుకుంటారు. అక్కడ సుమారు 2,900 ఎకరాల అటవీ భూమిని నౌకాదళ రాడార్ కేంద్రానికి ఇచ్చి 2024 అక్టోబరులో శంకుస్థాపన చేశారు కాబట్టి దాన్ని మీ జాబితాలోంచి తీసేయండి. కోట్‌పల్లి జలాశయం అందమైనదే, పడవలు నడుపుకోవచ్చు కూడా. కానీ బస్సులు తక్కువ, ఆటో మాట్లాడుకోవలసి వస్తుంది. అనంతగిరితో కలిపి ఒకే రోజు పెట్టుకుంటే రెండూ సరిగా చూడలేరు.

అంత దూరం కూడా వద్దనుకున్న రోజులకు నగరం అంచున ఉన్నవి చెబుతాను. చిలుకూరు బాలాజీ గుడికి మెహిదీపట్నం నుంచి వెళ్ళే సిటీ బస్సు దారిలోనే మృగవని జాతీయ ఉద్యానం ఉంది. వైశాల్యం 3.6 చదరపు కిలోమీటర్లు మాత్రమే అయినా చుక్కల జింకలు, నెమళ్ళు కనిపిస్తాయి. శుక్రవారం నుంచి ఆదివారం దాకా గుడికి వచ్చే భక్తులతో బస్సులు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి వారం మధ్యలో వెళ్ళండి. ఆ పక్కనే గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్ ఉంది. 1908 మూసీ వరదలో నగరం కొట్టుకుపోయిన తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో, మళ్ళీ అలాంటి వరద రాకుండా 1920లో ఉస్మాన్‌సాగర్‌ను, 1927లో హిమాయత్‌సాగర్‌ను కట్టారు. అనంతగిరిలో పుట్టిన నీరే ఈ ఉస్మాన్‌సాగర్‌లో చేరుతుంది. మొదటి నడక తర్వాత రెండో నడకగా దీన్ని పెట్టుకుంటే పాపకు నది కథ కొనసాగుతుంది. ఇవి తాగునీటి జలాశయాలు కాబట్టి అనుమతించిన గట్టు, ఉద్యానం దాటి నీళ్ళలోకి దిగకూడదు.

ఎల్బీ నగర్ వైపు ఉన్నవారికి వనస్థలిపురం దగ్గర విజయవాడ రహదారి పక్కనే మహావీర్ హరిణ వనస్థలి ఉంది. వర్ధమాన మహావీరుని 2,500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో ఆ పేరు పెట్టారు. కృష్ణజింకలకు అది నిలయం, హయత్‌నగర్ వెళ్ళే సిటీ బస్సులన్నీ దాని ముందు నుంచే పోతాయి. అడవి లోపల నడకకు అనుమతించిన భాగం వేరు, వాహనంలో తిప్పే భాగం వేరు; గేటు దగ్గర అడిగి తెలుసుకోండి. సికింద్రాబాద్ వైపు వారికి రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట చెరువు ఉంది. కట్ట మీద సాయంత్రపు గాలి బాగుంటుంది, అంతకు మించి నడకకు చోటు తక్కువ.

ఇక రెండు రోజులు తీరిక చేసుకోగలిగితే నేను మనస్ఫూర్తిగా వెళ్ళమని చెప్పేది ఓరుగల్లు చెరువులకు. చెరువు పక్క నడక అంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది. కాకతీయులు గుట్టలు మూడు వైపులా ఉన్న చోటు చూసి, నాలుగో వైపున మట్టికట్ట పోసి నీటిని నిలిపారు. అందువల్ల ఆ చెరువుల్లో కట్ట మీద నిలబడితే ఒక పక్క కొండలు, అడవి, నీళ్ళు కనిపిస్తాయి. రెండో పక్క తూము (చెరువు నీటిని పొలాలకు వదిలే దారి) కింద పారే కాలువ, దాని వెంట పరుచుకున్న వరి మడులు కనిపిస్తాయి. ఒకే కట్ట మీద నడుస్తూ అడవిని, ఆయకట్టును రెంటినీ చూడగలగడం 800 ఏళ్ళ నాటి ఆ నిర్మాణం మనకు ఇచ్చిన వరం. కట్ట చదునుగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళకు ఆయాసం రాదు.

ముందు రోజు ఉప్పల్‌లో బస్సెక్కి హనుమకొండ చేరి అక్కడ రాత్రి బస చేయండి. మరునాడు పొద్దున్నే ములుగు వైపు వెళ్ళే బస్సు. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర పెద్ద రోడ్డు నుంచి, రామప్ప గుడి, చెరువు ఉన్న పాలంపేటకు దారి చీలుతుంది. నేరుగా పాలంపేట వెళ్ళే బస్సు కోసం హనుమకొండలో కాచుకుని కూర్చోవడం కంటే ములుగు దాకా వచ్చి అక్కడ దొరికే బస్సో, షేర్ ఆటోనో అందుకోవడమే త్వరగా అవుతుంది. రామప్ప గుడిని కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన తర్వాత సందర్శకులు బాగా పెరిగారు. అయితే వచ్చినవారిలో ఎక్కువమంది గుడి చూసి, ఫోటోలు దిగి, వెనక్కి వెళ్ళిపోతారు. చెరువు అక్కడికి నడక దూరంలోనే ఉంది. గుడిని చెక్కిన రాయి ఏ నేల మీద నిలబడిందో, ఆ నేలకు నీళ్ళెక్కడివో తెలియాలంటే ఆ దూరం నడవాలి.

ఉదయం ఎనిమిదిలోపు గుడి చూసుకుని, ఎండ ముదరకముందే చెరువు కట్టకు వెళ్ళండి. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ ఎండుమోళ్ళ మీద కూర్చుని ఉంటాయి, లకుముకి పిట్ట తూము దగ్గర కాపు కాస్తుంది. కరెంటు తీగల మీద మన రాష్ట్ర పక్షి పాలపిట్ట కనిపిస్తే ఇంట్లో పెద్దవాళ్ళు దసరా గుర్తు చేసుకుంటారు. వానాకాలం చివర మత్తడి (నిండిన చెరువు నీళ్ళు పొర్లిపోయే కట్టడం) దుంకుతున్నప్పుడు ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. చూడండి కానీ మత్తడి మీదికి మాత్రం ఎవరినీ ఎక్కనివ్వకండి. పాచి పట్టిన రాయి మీద పెద్దవాళ్ళ కాలు కూడా నిలవదు.

అదే రహదారిలో ముందుకు వెళ్తే లక్నవరం వస్తుంది. వేలాడే వంతెనల వల్ల పేరు ఎక్కువ. చెరువు పెద్ద రోడ్డు నుంచి కొన్ని కిలోమీటర్ల లోపల ఉండడం వల్ల, నేను పైన చెప్పిన తిరుగు బస్సు చిక్కు అక్కడ పూర్తిగా వర్తిస్తుంది. వెళ్ళదలిస్తే రానుపోను ఆటో మాట్లాడుకుని, తిరిగి వచ్చే వేళ ముందే ఖాయం చేసుకోండి. రెండేళ్ళకోసారి మాఘమాసంలో మేడారం జాతర జరిగే రోజుల్లో ఈ రోడ్డు వైపు నడక కోసం రావద్దు. ఆర్టీసీ బస్సులను జాతర కోసం మళ్ళిస్తారు, ఊళ్ళకు వెళ్ళే ట్రిప్పులు తగ్గుతాయి, రోడ్డు నిండా భక్తులే ఉంటారు.

నాకు ఇంకా ఎక్కువ నచ్చేది పాకాల. వరంగల్ నుంచి నర్సంపేటకు బస్సులు బాగా ఉంటాయి. అక్కడి నుంచి పాకాల సుమారు 12 కిలోమీటర్లు, బస్సులు పలచబడినా షేర్ ఆటోలు దొరుకుతాయి. ఇదీ గణపతిదేవుని కాలపు చెరువే. చుట్టూ అభయారణ్యం కాబట్టి కట్ట, దాని పక్కనున్న ఉద్యానం వరకే నడవాలి, అటవీశాఖ అనుమతి లేకుండా లోపలి దారుల్లోకి వెళ్ళకూడదు. రామప్ప దగ్గర జనం ఉంటారు, పాకాలలో మామూలు రోజున నీటి అలల చప్పుడు, గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించవు. ఒక్క మధ్యాహ్నం అక్కడ గడిపి, నాలుగు గంటలకే నర్సంపేట వైపు కదలండి.

ఖర్చు విషయం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు, బాలికలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోను, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోను ప్రయాణం ఉచితం. కండక్టరు జీరో టికెట్ ఇస్తారు, దాన్ని తప్పక తీసుకోవాలి, గుర్తింపు కార్డు వెంట ఉండాలి. డీలక్స్, సూపర్ లగ్జరీలకు ఇది వర్తించదు. మీ కుటుంబంలో సగంమందికి టికెట్ ఖర్చే ఉండదన్నమాట. అయితే ఈ పథకం వచ్చాక ఆదివారాలు, పండుగలు, పెళ్ళి ముహూర్తాల రోజుల్లో బస్సుల్లో రద్దీ ఎక్కువగా ఉంటోంది. మీ నాన్నగారికి కూర్చునే చోటు దొరకాలంటే మధ్య స్టాపులో ఎక్కకుండా బస్సు బయలుదేరే బస్టాండుకే వెళ్ళి ఎక్కండి.

నీళ్ళ దగ్గర పిల్లలతో ఉన్నప్పుడు ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. వేసవిలో చెరువు నీళ్ళు వెనక్కి తగ్గాక బయటపడిన శిఖం, అంటే చెరువు అడుగు నేల, పైకి ఎండి, పర్రెలు విచ్చి గట్టిగా కనిపిస్తుంది. నీటి అంచుకు వచ్చేసరికి కింద బురద మెత్తగా ఉండి మోకాలి లోతు దిగబడుతుంది. అక్కడక్కడ మట్టి తవ్విన గోతులు నీళ్ళ కింద కనపడకుండా ఉంటాయి. ఊళ్ళో పిల్లలు ఈదుతున్నారు కదా అని మన పిల్లలను దించకూడదు, వాళ్ళకు ఆ చెరువు అడుగు తెలుసు, మనకు తెలియదు. అడవిలో పెద్ద చెట్లకో, గుడి గోపురాలకో తేనెపట్టులు ఉంటే గట్టిగా అరవకుండా, ఘాటైన అత్తరు పూసుకోకుండా దూరంగా దాటిపోవాలి. దారి పక్క తీగలకు నూగుతో వేలాడే దూలగొండి కాయలను పాప ముట్టుకోకుండా చూడండి, ఆ దురద ఒక పూటంతా వదలదు. పొడుగు చేతుల చొక్కా, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, పులిహోరో దద్దోజనమో కట్టుకున్న డబ్బా, ఒక చిన్న టార్చి ఉంటే చాలు. కట్ట మైసమ్మ గుడి ఉన్న చోట చెప్పులు విప్పి దాటడం, తెచ్చిన కవర్లను తిరిగి సంచిలో వేసుకోవడం ఊరివాళ్ళు గమనిస్తారు. రెండోసారి వెళ్ళినప్పుడు బస్సు వేళలు వాళ్ళే పిలిచి చెబుతారు.

మీ మొదటి నడకకు నా సలహా: పాపకు బడి సెలవు ఉండి, ఆదివారం కాని ఒక రోజును నవంబరులో చూసుకుని అనంతగిరికి వెళ్ళండి. తెల్లవారుజామునే మెహిదీపట్నంలో బస్సెక్కితే తొమ్మిదిలోపు గుట్ట మీద ఉంటారు. గుడి, కోనేరు, గంటన్నర అడవి నడక, భోజనం అయ్యేసరికి ఒంటిగంట. రెండింటికల్లా తాండూరు వైపు నుంచి వచ్చే బస్సు అందుకుని వికారాబాద్ చేరితే, అక్కడ హైదరాబాద్ బస్సు ఒకటి తప్పినా మరొకటి పట్టుకోవడానికి వెలుతురు ఇంకా చాలా మిగిలి ఉంటుంది.